తాళపత్రముల పేరిట వ్యయమగు ప్రజాధనము

ప్రభుత్వ గ్రంథాలయములు, రికార్డు భాండాగారములు, మ్యూజియములు ప్రజల సొమ్ముతో నడచునవి. ఆ సొమ్ములో ఉద్యోగుల జీతములు పోను తక్కినది అలమారులకు, బైండింగునకు, మందులకు, కెమెరాలకు, కంప్యూటర్లకు, ఇటీవలి కాలమున ముఖ్యముగా ప్రాచీన గ్రంథములకు ఛాయాచిత్రములు తీయు డిజిటైజేషన్ పనికి, కంట్రాక్టుల రూపమున వ్యయమగుచున్నది. రోడ్డుకో వంతెనకో ఇచ్చిన కంట్రాక్టును గూర్చి ఊరంతయు మాటాడును. వంతెన కుంగినచో అందరి కంటను పడును. తాళపత్రముల కట్టకు ఇచ్చిన కంట్రాక్టును గూర్చి మాటాడువారు లేరు. ఆకు పొడియై రాలినపుడు చప్పుడు కాదు. కావుననే ఈ వారము ఈ విషయమును మన కుటుంబముల యెదుట ఉంచదలచితిమి.

ఇది మనకేల యని కొందరడుగవచ్చును. నూలు, సిమెంటు, బ్యాండేజి బట్ట, మామిడిపండ్లు మన ఊరి వ్యాపారములు. తంజావూరులోను చెన్నపట్టణములోను అలమారులలోనున్న తాటాకులతో మనకేమి పని? పని కలదు. విజయనగర ప్రభువుల కాలము మొదలు తెలుగువారు తండోపతండములుగా ఈ దక్షిణ దేశమునకు వచ్చి స్థిరపడిరి. మన పూర్వులు వెంట తెచ్చుకొన్న భాషకు, ఇచ్చట పెంచుకొన్న సాహిత్యమునకు సాక్ష్యము మన ఇండ్లలో మిగిలినది కొంచెము. ఆ రెండు పట్టణములలోని ప్రభుత్వ భాండాగారములలో మిగిలినది అధికము. అవి మన దస్తావేజులు. తన ఆస్తి దస్తావేజు ఎచ్చటనున్నదో, దానిని ఎవరు కాపాడుచున్నారో, ఆ కాపుదలకు ఎంత ఖర్చగుచున్నదో విచారింపని గృహస్థుడుండడు గదా.

తంజావూరు సరస్వతీ మహలును ముందుగా చెప్పుకొందము. నాయకరాజుల కాలమున ఆ ఆస్థానము తెలుగు ఆస్థానము. రఘునాథ నాయకుడు, ఆయన కుమారుడు విజయరాఘవ నాయకుడు స్వయముగా కవులు. రంగాజమ్మ అచ్చటనే కావ్యములు రచించెను. వారి తరువాత వచ్చిన మరాఠా ప్రభువులలో శాహజీ సైతము తెలుగున యక్షగానములు వ్రాసెను. రెండవ శరభోజి 1798 మొదలు 1832 వఱకు ప్రభువుగానుండి ఆ భాండాగారమును ఎంతయు పెంచెను. 1918లో అది ప్రజల గ్రంథాలయమయ్యెను. 1983లో జాతీయ ప్రాముఖ్యముగల సంస్థగా ప్రకటింపబడెను. అచ్చటి వ్రాతప్రతులు సుమారు 49,000. వానిలో అయిదింట నాలుగు పాళ్లు సంస్కృతము. తెలుగు ప్రతులు ఎనిమిది వందలకు పైబడి యున్నవి. లెక్కలో చిన్నదియే. కాని వీనిలో పెక్కింటికి రెండవ ప్రతి ఇంకొకచోట దొరకునను భరోసా ఎవరును ఇయ్యజాలరు.

చెన్నపట్టణములోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయము 1869లో ఏర్పడినది. భారతదేశపు మొదటి సర్వేయరు జనరల్ కాలిన్ మెకంజీ సేకరించిన కైఫీయతులు, సి. పి. బ్రౌను కూర్చిన తెలుగు ప్రతులు అచ్చటనున్నవి. మొత్తము ప్రతులు డెబ్బదివేలకు మించి యున్నవి. నేడు ఆ గ్రంథాలయము కోట్టూరుపురములోని అణ్ణా శతవార్షిక గ్రంథాలయ భవనమున నడచుచున్నది. ఎగ్మూరులో 1851లో స్థాపింపబడిన మ్యూజియమునందు అమరావతి శిల్పములును, అదే ఆవరణమున 1896లో తెరువబడిన కన్నెమెరా గ్రంథాలయమును, అదే ఎగ్మూరులో 1909 నాటి భవనమున చెన్నరాజధాని రికార్డులును కలవు. నెల్లూరు, కడప, గుంటూరు, విశాఖపట్టణము జిల్లాలు చెన్నరాష్ట్రమున చేరియున్న నాటి రెవిన్యూ బోర్డు వ్యవహారములు అచ్చటి బీరువాలలోనే యున్నవి.

ఈ సంస్థలకు ధనము రానున్నదని చెప్పుటకు కారణము కలదు. 2003లో కేంద్రప్రభుత్వము జాతీయ లిఖిత గ్రంథ మిషన్ నెలకొల్పినది. 2025 ఫిబ్రవరి 1వ తేదీన కేంద్ర బడ్జెటులో దానికి బదులుగా జ్ఞాన భారతం మిషన్ ప్రకటింపబడినది. దేశమునందలి కోటికి మించిన వ్రాతప్రతులను సర్వే చేసి, జాబితా వ్రాసి, భద్రపరచుట దాని ఉద్దేశము. అంతకుముందు ఏటికి 3.5 కోట్ల రూపాయలుగా నున్న కేటాయింపు 60 కోట్లకు పెంచబడినది. సంతోషింపదగినదే. అయితే ధనము ఒక్కుమ్మడిగా వచ్చినపుడు అది ఎట్లు వ్యయమగునో గమనించుట వర్తకుల పని. మనమందరము టెండర్లు వేసినవారమో, వేసినవారిని ఎఱిగినవారమో. కావున కంట్రాక్టు సంగతి మనకు ఒకరు నేర్పనక్కఱలేదు.

మన ఛత్రపట్టి బ్యాండేజి బట్టను ఉదాహరణముగా తీసికొందము. ఆసుపత్రికి బట్ట కొనునపుడు గజమునకింత యని ధర మాత్రమే అడిగి, అంగుళమునకు పడుగు పోగులెన్ని, పేక పోగులెన్ని, నూలు నంబరు ఎంత, నీటిని ఎంత త్వరగా పీల్చవలెను అనునది టెండరులో వ్రాయకున్న ఏమగును? తక్కువ ధర వేసినవాడు పలుచని బట్ట ఇచ్చును. అతనిని నిందింపను వీలులేదు, అడిగినది అతడిచ్చెను. అందువలననే నిబంధనలు వ్రాయబడినవి, నమూనాలు పరీక్షింపబడుచున్నవి.

తాళపత్రముల పనికిని ఇదే న్యాయము వర్తించును. పుటకింత యని కూలి కట్టి, తక్కువ ధర వేసినవానికి పని ఇచ్చినచో, అతని లాభమంతయు వేగములోనే యుండును. ఎన్ని పుటలు తీసిన అంత సొమ్ము. ఆకులు వరుస తప్పియున్నను, రెండు గ్రంథముల ఆకులు ఒకే కట్టలో కలిసిపోయినను, నడుమ పది ఆకులు లేకున్నను, యంత్రమునకు తెలియదు. యంత్రము నడుపు కుఱ్ఱవానికి ఆ లిపి రాదు. తాటాకుపై అక్షరములు గంటముతో గీయబడినవి. పాతబడిన ఆకుపై అవి కనబడవు. ఆకును తుడిచి, నిమ్మగడ్డి నూనె పూసి మెత్తపఱచి, మసి రుద్దినగాని గీతలు తేలవు. ఈ పని చేయక తీసిన ఛాయాచిత్రము ఖాళీ ఆకు ఛాయాచిత్రమే. దానికిని పుటకింత యని బిల్లు వచ్చును. చిత్రమునకు పేరు పెట్టునపుడు ‘తెలుగు, 214వ కట్ట’ అని మాత్రమే వ్రాసినచో, అది ఏ గ్రంథమో, ఎవరి కృతియో, ఎచ్చట మొదలై ఎచ్చట ముగియునో వెదకువానికి దొరకదు. లెక్కలో పని పూర్తియైనది. గ్రంథము మాత్రము మునుపటివలెనే మరుగుననున్నది.

చదువగలవానికి ఇచ్చిన జీతము ఎట్టి ఫలమిచ్చునో చూపుటకు ఒక్క దృష్టాంతము చాలును. నన్నెచోడుని కుమారసంభవము శతాబ్దములపాటు తెలుగువారికి తెలియకుండెను. దాని వ్రాతప్రతి తంజావూరు సరస్వతీ మహలులో నుండగా మానవల్లి రామకృష్ణకవిగారు దానిని గుర్తించి 1909లో అచ్చువేసిరి. ఆ ఒక్క ముద్రణముతో తెలుగు సాహిత్య చరిత్రమే మఱల విచారింపవలసి వచ్చెను. నన్నెచోడుని కాలమును గూర్చిన వాదము నేటికిని ముగియలేదు. ఆ కట్ట అంతకు ముందును అచ్చటనే యున్నది. లేకపోయినది దానిని విప్పి చదివి, ఇది ఇట్టిదని గ్రహించిన మనుష్యుడు. మెకంజీ దొర సేకరణమునందును సొమ్ము పోయినది ఊరూర తిరిగి విని వ్రాసిన పండితులకు. కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు లేనిదే ఆ కైఫీయతులు లేవు. బ్రౌను దొర కడపలో పండితులను కూర్చుండబెట్టి ప్రతులు సరిపోల్పించి శుద్ధప్రతులు వ్రాయించెను. నాటివారు చదువు మనుష్యులకు సొమ్మిచ్చిరి. నేటి టెండర్లు యంత్రమునకు మాత్రమే సొమ్మిచ్చినచో మనము వెనుకకు నడచినట్లే.

మఱియొక సంగతి. సరకు జాబితా లేని గిడ్డంగి కొల్లగొట్టువానికి తలుపు తెరచిన గిడ్డంగి. సరస్వతీ మహలులోని మ్యూజియమునుండి 1715 నాటి తమిళ బైబిలు, దేశభాషలలో అచ్చయిన తొలి గ్రంథములలో నొకటి, 2005లో కనబడకుండ పోయెను. అది లండనులో ఒక సేకరణమున నున్నదని తమిళనాడు పోలీసు విగ్రహముల విభాగమువారు 2022లో ప్రకటించిరి. శరభోజి మహారాజు తన కుమారునితోనున్న చిత్రపటము అమెరికాలో ఒక మ్యూజియము 2006లో కొనగా, అది అపహృతమైనదని తేలి 2015లో అచ్చటి ప్రభుత్వమునకు అప్పగింపబడెను. ఇవి ప్రసిద్ధ వస్తువులు కావున పోయినవని తెలిసినది. పేరు లేని తెలుగు కట్ట ఒకటి పోయినచో ఎవరు ఫిర్యాదు చేయుదురు? వివరమైన పట్టిక వ్రాయించుట పండితులకు చేయు దానము కాదు. అది అన్నిటికంటె చౌకయైన కావలి.

చట్టము లేదని అనలేము. తమిళనాడు టెండర్ల పారదర్శకతా చట్టము 1998లో చేయబడినది; దాని నియమములు 2000లో వచ్చినవి. టెండరు పిలుపు బులెటినులో ప్రకటింపవలెను. ఎవరి టెండరు అంగీకరింపబడెనో, ఇతరులవి ఏల త్రోసివేయబడెనో తెలుపవలెను. గుణమును ఒక కవరులోను ధరను మఱియొక కవరులోను పరిశీలించు పద్ధతియు కలదు. కేంద్రప్రభుత్వపు 2017 ఆర్థిక నియమములలో పనితనమునకును ధరకును వేర్వేరు మార్కులు వేయు విధానము కలదు. కాబట్టి తక్కువ ధర వేసినవానికే ఇయ్యవలసి వచ్చెనని అధికారులు చెప్పు సమాధానము సగము మాత్రమే నిజము. ఏ గుణము కావలెనో ముందుగా వ్రాసికొన్నవారికి చట్టము అడ్డురాదు. అయితే బులెటినులో దొరకునది టెండరు కథ. పని కథ కాదు. ఎన్ని ఆకులు తీసిరి, ఎన్ని పనికిరాక త్రోసివేసిరి, ఎంత చెల్లించిరి, ఆ చిత్రములు నేడు ఎవరికి అందుచున్నవి అనునది సామాన్యుడు తెలిసికొనవలెనన్న అర్జీ పెట్టుకొనవలసినదే.

ఇతర దేశములలో ఎట్లున్నదో చూడుడు. అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థకు వచ్చు ధనములో అధిక భాగము ప్రభుత్వము ఇచ్చునది. దాని గ్రంథాలయములకును పత్రాలయమునకును కలిపి ఒకే కార్యాలయము కలదు. అచ్చటి ప్రభుత్వ వ్యయముల వివరములను ప్రజలకు చూపవలెనని 2006లో చట్టము చేయబడి, 2007 చివరనుండి వెబ్‌సైటులో ఉంచబడుచున్నవి. చిల్లర కొనుగోళ్లు తప్ప, ఏ కార్యాలయము ఏ వర్తకునకు ఏ పనికి ఎంత ఇచ్చెనో ఎవరైనను ఇంటనుండియే చూడవచ్చును. అచ్చట తప్పులు జరుగవని మా మాట కాదు. జరిగినపుడు అడుగుటకు కావలసిన లెక్క ప్రజల చేతిలో నుండును.

యంత్రములోనికి ఎక్కించినచో శాశ్వతమనుకొనుటయు పొరపాటు. 2023 అక్టోబరులో లండనులోని బ్రిటిషు లైబ్రరీ కంప్యూటర్లపై దుండగులు దాడిచేయగా, వెబ్‌సైటులోని గ్రంథముల పట్టిక 2024 జనవరి వఱకు పాఠకులకు అందలేదు. బయటి కంట్రాక్టరులు వాడుకొను ద్వారముననే వారు ప్రవేశించి యుందురని ఆ సంస్థ తన నివేదికలో తానే వ్రాసినది. కావున చిత్రముల నకళ్లు ఎన్ని, ఎచ్చట, ఎవరి స్వాధీనమున, కంట్రాక్టు ముగిసిన పిదప కంట్రాక్టరు చేతిలో ఏమి మిగులును అనునవి కూడ ఒప్పందములో వ్రాయవలసిన షరతులు. అసలు ఆకును కాపాడుట మాత్రము ఎప్పటికిని మానరాదు. సరస్వతీ మహలులో వస, నల్లజీలకఱ్ఱ, దాల్చినచెక్క, లవంగము, మిరియము, కర్పూరము పొడికొట్టి మూటగట్టి అలమారులలో నుంచు పాతపద్ధతి కలదు. దానికగు ఖర్చు ఒక కెమెరా ఖర్చుతో పోల్చిన ఎంత?

అధికారుల కష్టమును మేము ఎఱుగుదుము. నిధులు చాలవు, ఖాళీలు నింపబడవు, పండితులు దొరకరు. చివరిమాట అన్నిటికంటె బరువైనది. అందులో మన బాధ్యతయు కలదు. ఈ రాష్ట్రమున తెలుగు లిపి చదువగలవారు నానాటికి తగ్గుచున్నారు. 2006 నాటి తమిళ బోధన చట్టము క్రమముగా అమలై 2016 నాటికి పదవ తరగతిని చేరిన తరువాత, మైనారిటీ భాషల పిల్లలు ఏటేట మినహాయింపునకై న్యాయస్థానములకు పోవలసి వచ్చెను. తమిళము నేర్చుటకు మనకు అభ్యంతరము లేదు. తరతరములుగా అది మన అంగడి భాష, స్నేహముల భాష. ఇంట తెలుగు మాటాడుచు ఒక్క తెలుగు అక్షరమును గుర్తింపలేని పిల్లలు మన ఇండ్లలోనే పెరుగుట మాత్రము విచారింపవలసిన సంగతి. ఇరువది సంవత్సరములు గడచిన పిమ్మట ప్రభుత్వము సొమ్ము పెట్టి తెలుగు చదువరి కావలెనని ప్రకటించినను, పోవుటకు మనలో ఒకడైనను ఉండవలెను గదా.

ఇది తెలుగువారి కోరిక మాత్రమే కాదు. తమిళ తాటాకులకై ఊరూర తిరిగిన ఉ. వే. స్వామినాథయ్యరుగారిని ఈ నేలయందలి వారందరు పూజించుచున్నారు. ఆయన చేసినదియు చదువుటయే. తమిళము, సంస్కృతము, మరాఠీ, తెలుగు ఏ భాషయైనను, ఆ భాష తెలిసినవానిచే పట్టిక వ్రాయింపుడని అడుగుట అందరికిని మేలు. భాషను, లిపిని, సంస్కృతిని కాపాడుకొను హక్కు రాజ్యాంగము 29వ అధికరణమున ప్రతి జనసముదాయమునకు ఇచ్చినది. ప్రజాధనముతో నడచు సంస్థలయందు ఆ హక్కు ఒక షరతుగా, ఒక పద్దుగా కనబడవలెను.

కాబట్టి ప్రభుత్వమువారిని మేము కోరునవి నాలుగు. మొదటిది, డిజిటైజేషన్ టెండరులలో భాష తెలిసినవానిచే పట్టిక వ్రాయించుటను విడదీయరాని భాగముగా చేర్చి, దానికి వేరుగా ధర కట్టవలెను. రెండవది, పుటలు లెక్కించి కాక, ఒక్కొక్క గ్రంథము పూర్తిగా పరీక్షింపబడి అంగీకరింపబడిన పిదపనే సొమ్ము చెల్లింపవలెను. మూడవది, ప్రతి సంస్థయు సంవత్సరాంతమున ఎవరికి, ఏ పనికి, ఎంత, ఏ భాషలో ఎన్ని గ్రంథములకు అను నాలుగు గళ్ల పట్టికను ప్రకటింపవలెను. నాలుగవది, తీసిన చిత్రములు ప్రజలకు ఉచితముగా అందవలెను. ప్రజల సొమ్ముతో తీసినదానికి ప్రజలు మఱల వెల చెల్లించుట న్యాయము కాదు.

మన సంఘము చేయవలసినదియు కలదు. 2005 సమాచారహక్కు చట్టము క్రింద పది రూపాయల రుసుముతో ఎవరైనను అర్జీ పెట్టవచ్చును. ముప్పది దినములలో జవాబు ఇయ్యవలెను. అర్జీ తమిళముననో ఇంగ్లీషుననో హిందీలోనో ఉండవలెను. తెలుగు ప్రతులకై గత అయిదు సంవత్సరములలో ఇచ్చిన కంట్రాక్టులెన్ని, చెల్లించిన మొత్తమెంత, పరీక్షించినవారెవరు, చిత్రములెచ్చట అని అడుగు ముసాయిదాను రాబోవు సమావేశమున సభ్యుల యెదుట ఉంచెదము. నింద మోపుట మన ఉద్దేశము కాదు. సక్రమముగా జరిగియున్నచో ఆ మాటను ఈ పత్రికయందే ప్రకటించి అభినందింతుము.

ఇండ్లలో పాత తాటాకులు, వంశావళులు, కరణికపు లెక్కలు ఉన్నవారికి ఒక మనవి. రాజులైన నేమి, నాయుళ్లైన నేమి, రెడ్లైన నేమి, దేవాంగులైన నేమి, అరుంధతీయులైన నేమి, ఎవరింటనున్నదైనను అది అందరి చరిత్రయే. పాత కాగితములతోపాటు తూకమునకు వేయకుడు. లామినేషను చేయింపకుడు, వార్నీషు పూయకుడు. రెండు చెక్కపలకల నడుమ ఉంచి శుభ్రమైన నూలుగుడ్డలో చుట్టి తేమ తగులని చోట నుంచుడు. సర్వేకు ఎవరైనను వచ్చినచో చూపుడు, ఛాయాచిత్రములు తీసికొననిండు. అసలు ప్రతిని మాత్రము ఆకుల సంఖ్య వ్రాసిన రసీదు లేనిదే గడప దాటనీయకుడు.

మన ఊరివాడై చెన్నరాష్ట్రమునకు 1949 మొదలు 1952 వఱకు ముఖ్యమంత్రిగానున్న పూ. సు. కుమారస్వామి రాజావారు తమ ఇంటినే గాంధీ కళా మన్ఱమునకు ఇచ్చిరి. ప్రజల సొమ్మును తన సొమ్ముకంటె జాగ్రత్తగా చూడవలెనను పాఠము ఈ ఊరికి క్రొత్తది కాదు. అర్జీపై సంతకము చేయుటకు సిద్ధముగా నున్నవారు, వారమునకు రెండు గంటలు పిల్లలకు తెలుగు అక్షరములు చెప్పుటకు సిద్ధముగా నున్నవారు సంఘ కార్యాలయమున పేరు వ్రాయింప ప్రార్థన. రెండవ పట్టికలో మొదటిదానికంటె ఎక్కువ పేరులుండవలెనని మా కోరిక.